జ్వరాల వరుస

ఇంకెంతసేపు, తెస్తే తే, లేకపోతే చావు, అని ద్వాలి నల్లటి తెరను మనసులోనే తిట్టింది. తెర మీద తెల్లటి అక్షరాలు ఒక వరుస వచ్చి అక్కడే నిలబడిపోయాయి. ఫలానా ఫైలు తెస్తున్నాను అన్న మాటే తప్ప ఆ ఫైలు వచ్చే జాడ లేదు. బల్ల మీద మోడెమ్ దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. పని చేస్తున్నట్టు నటించడం ఈ మలేరియా ఆఫీసులో మనుషులకే కాదు, దీనికీ అబ్బింది. కిటికీ అవతల ఆవరణలో మందు డ్రమ్ములు ట్రైలర్‌లోకి ఎక్కిస్తున్నారు. దోమల మందు కొట్టే కూలీలు రేకుల షెడ్డు నీడలో సద్ది గిన్నెలు విప్పుకుంటున్నారు. వాళ్లు తిని చేతులు కడుక్కున్నారంటే జీపు కదులుతుంది. ఈలోపల ఈ మాడ్యూల్, ఈ చిన్న ప్రోగ్రామ్ ముక్క, దిగాలి. దిగితే జీపు జ్వరాలున్న ఊళ్ల దారి పడుతుంది, దిగకపోతే ఏటా పట్టే దారే పడుతుంది. ఏటా పట్టే దారంటే పర్ణశాల రోడ్డు. ఎప్పుడు ఎవరు మొదలుపెట్టారో గానీ, వానలకు ముందు మొదటి పంపు అక్కడికే తీసుకుపోయి, గుడి ముందు కొబ్బరికాయ కొట్టి, పంపుకు పసుపు కుంకుమ పెట్టి, ఆ రోడ్డు పొడుగునా ఉన్న ఊళ్లన్నీ ముగించుకుని గానీ మిగతా అడవిలోకి తిరగరు. ద్వాలికి సీతమ్మవారి మీద కోపం లేదు. ఆ తల్లి కూడా అడవిలో కష్టపడ్డదే. కోపమంతా కొబ్బరికాయ కొట్టిన తర్వాత జరిగేదాని మీద. రోడ్డు ఊళ్లు అయ్యేసరికి వాన పడుతుంది, వాన పడేసరికి వాగులు పొంగుతాయి, వాగులు తీసేసరికి డ్రమ్ముల్లో మందు అడుగంటుతుంది. అప్పుడు జూలూరుపాడు అవతల అడవి అంచున ఉన్న వాళ్ల తండా పేరు చదివి, వచ్చే ఏడు చూద్దాం అంటారు. పోయిన ఏడూ అదే అన్నారు. పోయిన ఏడే వాళ్ల నాన్న లాల్‌సింగ్, ద్వాలి బాపు, జ్వరంతో పోయాడు.

ఈ ఏడు అలా కాకూడదనే కదా ఇంత యాతన. కొత్తగా వచ్చిన డాక్టరు గారు కుర్రవాడు, ఇంకా ఈ ఊరి నీళ్లు ఒంటబట్టలేదు, అందుకే మాట ఇచ్చాడు. దవాఖానాల నుంచి వచ్చిన లెక్కలన్నీ కలిపి ఏ ఊళ్లో జ్వరాలు ఎక్కువో తేల్చగలవా అని అడిగాడు. తేలుస్తాను అంది. అయితే కంప్యూటర్ ఏ వరుస ఇస్తే ఆ వరుసలో జీపు పోతుంది, లేదంటే పాత వరుసే, అని సూపరింటెండెంటు రాంబాబు ఎదుటే చెప్పి, డాక్టరు గారు హైదరాబాదులో మీటింగుకు పోయాడు. ఆయన చెప్పడం, రాంబాబు తలూపడం అయిపోయాయి. తలూపడంలో రాంబాబును మించినవాడు జిల్లాలో లేడు. ముదిగొండ నుంచి వచ్చి ఇన్నేళ్లయినా ఏ ఆఫీసరుకీ కాదనలేదు, ఏ ఆఫీసరు చెప్పిందీ చేయలేదు. దవాఖానాలు లెక్కలను ఎక్సెల్ ఫైళ్లలో సీడీ మీద పంపాయి, ఊరికో షీటు, నెలకో గడి, ఒక్కో దవాఖానాది ఒక్కో తీరు. వాటిని తెరవగల కంప్యూటర్ ఆఫీసులో ఒక్కటే ఉంది, అది రాంబాబు గదిలో పేకముక్కలు పంచుతూ ఉంటుంది. పోనీ ఇచ్చాడే అనుకో, అన్ని ఊళ్ల షీట్లు ఒక్కొక్కటి తెరిచి చేత్తో ఎత్తి రాసేసరికి వానాకాలం పోయి చలికాలం వస్తుంది. తనకు ఇచ్చింది పాత డబ్బా. దాని మీద కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీ నుంచి లైనక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించుకుంది, ఖమ్మంలో ఇంటర్నెట్ సెంటరు మూలన కూర్చుని నేర్చుకున్న పెర్ల్ భాషలో ప్రోగ్రామ్ రాసుకుంది. ఊరి పేరు తీసుకో, జ్వరాలు కూడు, పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చు. పెర్ల్‌కు ఈ పనులన్నీ వచ్చు. ఎక్సెల్ ఫైలు తెరవడం మాత్రం దానంతటది రాదు. ఎవరో పుణ్యాత్ముడు ఆ పని చేసే మాడ్యూల్ రాసి లోకానికి వదిలాడట, ఒక్క లైను టైపు చేస్తే నెట్‌లోంచి వచ్చి అదే కూర్చుంటుందట. ఒక్క లైనే. ఆ లైను టైపు చేసి తలెత్తింది ద్వాలి, అప్పటి నుంచి ఇదిగో ఇలా చూస్తూనే ఉంది.

ముందు ప్రశ్నలు. నీకు దగ్గర ఏ ఖండం, ఏ దేశం, ఎక్కడి నుంచి తెమ్మంటావు, ఏ సంచిలో పెట్టమంటావు. ఆసియా అంది, ఇండియా అంది, ఎక్కడైనా పెట్టు తల్లీ అంది. లోకంలో ఉన్న మాడ్యూళ్ల పేర్లన్నీ ముందు దించుకుంటానంది, అది దిగడానికే ప్రాణం తోడేసింది. అది అయ్యాక, నువ్వడిగిన మాడ్యూల్‌కు ఇంకో మాడ్యూల్ కావాలి, అది నీ దగ్గర లేదు, తేనా వద్దా అంది. తే అని కొట్టింది. దానికి మరొకటి కావాలి, తేనా వద్దా. ఒళ్లు మండింది ద్వాలికి. ఈ అడగడం తనకు కొత్త కాదు. కాలేజీలో సీటుకు కులం సర్టిఫికెట్టు కావాలన్నారు, దానికి రేషన్ కార్డు తెమ్మన్నారు, రేషన్ కార్డుకు ఇంటి నంబరు కావాలన్నారు, ఇంటి నంబరుకు పోతే మీది అడవి భూమి, అందులో ఇళ్లే లేవు పొమ్మన్నారు. ఇళ్లే లేవన్నవాడు బాపు ఇంట్లో మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతూ ఆ మాటన్నాడు. బాపు నవ్వాడు, నవ్వి ఇంకో లోటా పోశాడు. ఆ నవ్వు తలుచుకుంటే ద్వాలికి ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఎందుకు నవ్వావు బాపూ, లోటా వాడి నెత్తిన కుమ్మరించక. కుమ్మరించి ఉంటే ఏమయ్యేదో ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోతుందా.

తెర కదిలింది. కదిలి, లైను తెగిపోయింది అని చెప్పింది. మోడెమ్ దీపం ఒకటి ఆరింది. ద్వాలి పళ్లు నూరుకుని మళ్లీ డయల్ చేసింది. మోడెమ్ గరగరలాడింది, కీచుమంది, ఎవరితోనో సుదీర్ఘంగా పోట్లాడి రాజీకొచ్చి ఊరుకుంది. దీపం వెలిగింది. మళ్లీ మొదటి నుంచి తెమ్మంటే మళ్లీ మొదటి నుంచే మొదలుపెట్టింది. సగం తెచ్చిన దాన్ని ఎక్కడ పారేసిందో. రాంబాబు గుమ్మంలోకి వచ్చి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ తెర వంక చూశాడు.

"ఏందమ్మా ద్వాలీ, కంప్యూటర్ ఖరాబైందా, గంత నల్లగైంది?"

"ఖరాబ్ గాలే సార్. ఇది గిట్లనే ఉంటది."

"మరి బొమ్మలేవి?"

"బొమ్మలుండయ్ సార్. మనం రాస్తేనే పని జేస్తది."

"ఏమోనమ్మా. పిల్లగాళ్లు తింటున్నరు. తిన్నంక నేను ఆగమంటె ఆగరు. ఎండ జూస్తివి గద."

ఆయన గొంతులో ఎత్తిపొడుపు కూడా లేదు, అదే ఆమెకు మండేది. తిట్టినా బాగుండును, తిరిగి కాలు దువ్వొచ్చు. ఈయన అలా కాదు. నెత్తిన చేయి పెట్టి దీవించినట్టు మాట్లాడుతూనే జీపును పర్ణశాల రోడ్డు మీదికి నడిపిస్తాడు. బాపు పోయినప్పుడు అందరికంటే ముందు వచ్చి, సెలవు పెట్టకున్నా ఫరవాలేదు, నేను చూసుకుంటా పో, అన్నదీ ఈయనే. ఆ మాటకు ఆరోజు ఏడ్చింది కూడా. ఇప్పుడా ఏడుపు మీద కూడా కోపం వస్తోంది. నువ్వు చూసుకోవాల్సింది నా సెలవు కాదు సార్, మా తండాకు మందు, అని ఆరోజే అనాల్సింది. అనలేదు. అనే వయసు ఉంది, అనే నోరూ ఉంది, అనే ఉద్యోగమే లేదు. కాంట్రాక్టు వాళ్లకు గొంతు కూడా ఏడాదికోసారి రెన్యూవల్ చేయించుకోవాలి.

మళ్లీ తెగింది. ఈసారి ద్వాలి మోడెమ్‌ను అరచేత్తో ఒక్కటి వేసింది. దీనిని అమ్మినవాణ్ణి తిట్టింది, లైను లాగినవాణ్ణి తిట్టింది, అడవిలో స్తంభాలు పాతినవాణ్ణి, వాటి మీద గూళ్లు పెట్టే కాకుల్ని తిట్టింది. మాడ్యూల్ రాసిన పుణ్యాత్ముణ్ణి కూడా వదల్లేదు, ఎక్కడుంటావురా నువ్వు, అన్నీ నువ్వే రాయక ఇంకొకడి మీద ఎందుకు వాలావు, వాడు మరొకడి మీద ఎందుకు వాలాడు. తిడుతూ తిడుతూ చివరికి బాపు దగ్గరికే వచ్చింది, ఎప్పుడూ అక్కడికే వస్తుంది. జ్వరం వచ్చిన రోజు జూలూరుపాడులో ఆరెంపీ డాక్టరు దగ్గరికి పోయాడు. ఆరెంపీ పొట్లంలో గోలీలు కట్టిచ్చాడు. రెండు పూటలు వేసుకోగానే ఒళ్లు చల్లబడింది. మిగతావి యాడి చేతికి, ద్వాలి తల్లి చేతికిచ్చి, జ్వరం తగ్గినాక మళ్లీ గోలీలెందుకు, దాచిపెట్టు, పిల్లలకు వస్తే పనికొస్తాయి అన్నాడు. తండాలో ఇంటింటా చూరులో ఇలాంటి సగం పొట్లాలే ఉంటాయి. ఒకళ్ల జ్వరంలో సగం ఇంకొకళ్ల కోసం దాచుకోవడం వాళ్లకు పొదుపు. పత్తి చేనుకు మందు కొట్టడానికి పోయాడు బాపు. పురుగు కోసం వీపున పంపు మోసుకుని సాలు సాలూ తిరిగాడు. ఇంట్లో దోమకు కొట్టాల్సిన పంపు పర్ణశాల రోడ్డు మీద తిరుగుతోంది అప్పుడు. జ్వరం మళ్లీ వచ్చింది, ఈసారి తలకెక్కింది. యాడిని గుర్తుపట్టలేదు. ద్వాలీ వచ్చిందా, ద్వాలికి అన్నం పెట్టండి అని గోడతో మాట్లాడాడు. పొట్లం చూరులోనే ఉంది. యాడి ఇప్పటికీ దాన్ని తీయలేదు, తీసి పారేయమంటే, నీ బాపు పిల్లల కోసం దాచినవి అంటుంది. గోలీలన్నీ మింగి ఉంటే బతికేవాడివి కదా బాపూ అని అరవాలనిపిస్తుంది. ఎవరూ చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది. చెప్పాల్సిన మనిషి తండాకు రాలేదు. చెప్పగలిగిన బిడ్డ ఇక్కడ ఏసీ లేని గదిలో కూర్చుని రోడ్డు ఊళ్ల జ్వరాలు టైపు చేస్తోంది.

మూడోసారి డయల్ చేసింది. దీపం వెలిగింది. మొదటి మాడ్యూల్ వచ్చేసింది, రెండోది సగం వచ్చింది. కూలీల్లో ఎవరో తిని లేచి బకెట్లో ముంత ముంచిన చప్పుడైంది.  అప్పుడు వినిపించింది, గోడ అవతల నుంచి టక్కు టక్కు టక్కు. ఆ వెంటనే తెర చచ్చింది. ద్వాలి లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. పక్కది డాక్టరు గారి గది. ఆయన లేని గదిలో, ఆయన బల్ల ముందు చేతులు కట్టుకోవలసిన మనిషి, ఆఫీసు అటెండరు పగిడయ్య, ఫోన్ రిసీవర్ చెవికి ఆనించుకుని, రెండో చేత్తో ఫోన్ మీది మీటను టకటకా నొక్కుతున్నాడు.

"కాకా, నువ్వా" అంది ద్వాలి. అరికాలి మంట నెత్తికెక్కింది. "పొద్దుగాల్నుంచి నువ్వేనా?"

"ఏమోనే బిడ్డా, ఫోన్ల దయ్యం వట్టింది. ఎత్తినప్పుడల్ల కీసుమని ఒర్లుతాంది. గిట్ల కొడితె మంచిగైతాంది."

"నువ్వు కొడితె మంచిగైతలేదు కాకా, తెగిపోతాంది. రెండూ ఒక్కటే లైను. నీకేం పని ఫోన్‌తోని? ఎవడన్న జేసిండా?"

"చేసిండో లేదో ఎట్ల ఎరుక? దీనికి గంట లేదు గద."

గంట లేదు. ద్వాలికి ఆ సంగతి తెలుసు, ఈ ఆఫీసులో అందరికీ తెలుసు. తెలిసి అందరూ మర్చిపోయారు, ఒక్క పగిడయ్య తప్ప. ఎన్నడో పిడుగు పడి ఫోన్ గంట పోయింది. బాగు చేయించమని రాస్తూనే ఉన్నారు. మోగని ఫోన్‌కు ఎవరైనా చేశారో లేదో తెలియాలంటే మధ్యమధ్యలో ఎత్తి చూడడమొక్కటే మార్గం. ఆ పని పగిడయ్యకు ఎవరూ చెప్పలేదు, ఆయనే నెత్తిన వేసుకున్నాడు. చెట్లకు నీళ్లు పోసినట్టు పూటకు ఇన్నిసార్లని ఎత్తి, హలో అని, అవతల ఎవరూ లేకపోతే పెట్టేస్తాడు.  పోయిన ఏడు బాపు సంగతి చెప్పడానికి తండా నుంచి వచ్చినవాడు జూలూరుపాడులో ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఎంతసేపు మోగించాడో ఎవరికీ తెలియదు. ఇక్కడ మోగలేదు. పగిడయ్య ఊరికే ఎత్తి హలో అంటే అవతల మనిషి ఉన్నాడు.

"నీ బాపు కబురు గూడ గిట్లనే దొరికె బిడ్డా" అన్నాడు పగిడయ్య, ఆమె మొహం చూసి. "నేను ఎత్తకపోతె నువ్వు మట్టికి గూడ అందకపోదువు."

కోపం పెట్టుకోవడానికి ఎక్కడా చోటు లేదు ఇక్కడ. ఈ ముసలాయన మీద కోప్పడితే కళ్లు పోతాయి. కోప్పడకపోతే లైను పోతుంది. ద్వాలి పడిన కుర్చీని తలుచుకుంది, బకెట్లో ముంత చప్పుడు తలుచుకుంది. ఇవాళ ఎవరికో జ్వరం తలకెక్కి, ఎవరో బూత్‌లో నిలబడి, లైను ఖాళీ లేదన్న కూత వింటూ ఉండొచ్చు. ఉండొచ్చు, కాదనలేదు. ఆ కూత తన వల్లే. దానికి కూడా జవాబు చెప్పుకోవాల్సింది తనేనా? గంట బాగు చేయించని వాళ్లు చెప్పుకోరా?

"కాకా, నేను జెప్పేదాంక ఎత్తకు" అంది.

"ఎవరన్న పానం మీదికొచ్చి జేస్తె?"

"ఈ లైను తోనే నేను గూడ పానాల పనే జేస్తున్న. నా మాట ఇను. ఏదన్నయితె నా మీదకే జెప్పు."

పగిడయ్య రిసీవర్ పెట్టేశాడు. పెట్టి, దాని పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు, ఇంకెవరూ ఎత్తకుండా. కూర్చున్నవాడి చేతులు మాత్రం ఊరుకోక మోకాళ్ల మీద రుద్దుకుంటూనే ఉన్నాయి. ద్వాలి తన గదిలోకొచ్చి కుర్చీ లేపి మళ్లీ డయల్ చేసింది. ఈసారి లైను తెగలేదు. ఒక మాడ్యూల్, దానికి కావాల్సింది, దానికీ కావాల్సింది, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వచ్చి ఒక్కొక్కటి తనను తాను విప్పుకుని, తనకు తానే పరీక్షలు పెట్టుకుని, పాస్ పాస్ పాస్ అని రాసుకుంటూ పోయింది. ఆ మాటలు అంత వేగంగా తెర మీద పరిగెత్తుతుంటే ఆమెకు మొదటిసారి కాస్త మనసు కుదుటపడింది. లోకంలో ఎక్కడో ఎవరెవరో, ముక్కూ మొహం తెలియనివాళ్లు, పైసా అడగకుండా రాసి పెట్టారు, తండా ఎక్కడుందో తెలియకుండానే దాని కోసం రాశారు. అనుకుంటుండగానే ఒక పరీక్ష ఫెయిల్ అని పడింది. మిగతావన్నీ బాగున్నా అది ఒక్కటి తప్పింది కాబట్టి అసలు మాడ్యూల్‌ను కూర్చోబెట్టను పొమ్మంది. చూస్తే అది ఏదో తేదీల తీరు గురించిన పరీక్ష, తనకు దాంతో పనే లేదు. ఇంతవరకు తెచ్చి గుమ్మంలో ఆపుతావా. నువ్వు కూడా సర్టిఫికెట్టు తెమ్మంటావా.  ఈ భాషలో దీనికో మాటుంది, పరీక్షతో పనిలేదు, జబర్దస్తీగా కూర్చోబెట్టు అని. మనుషులతో అనడానికి వీల్లేని మాట యంత్రంతో అనొచ్చు. ఫోర్స్ అని టైపు చేసి, వేలు నొప్పి పుట్టేలా ఎంటర్ కొట్టింది. మాడ్యూల్ కిక్కురుమనకుండా కూర్చుంది. ఇంత తేలికా అనుకుంది.

ప్రోగ్రామ్ నడిపింది. సీడీ గిర్రున తిరిగింది. అన్ని దవాఖానాల ఫైళ్లు, అన్ని ఊళ్ల షీట్లు తెరుచుకుని మూసుకుని, ఊళ్ల పేర్లు పక్కన అంకెలతో పై నుంచి కిందికి పేర్చుకున్నాయి. రాంబాబు మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కూలీలు చేతులు కడుక్కుంటున్నారు. ద్వాలి పై పేరు చూసింది. పర్ణశాల రోడ్డు మీది ఊరు. రెండోదీ ఆ రోడ్డే. మూడోదీ, నాలుగోదీ. ఆమె కిందికి జరిపింది, ఇంకా కిందికి, ఇంకా. తండా పేరు అట్టడుగున ఉంది, దాని పక్కన సున్నా ఉంది.

"చూడు" అన్నాడు రాంబాబు నెమ్మదిగా. "నేనేమన్న మీకు పగోన్నానమ్మా? పాత వరుస గూడ లెక్కలు జూసే రాసిండ్రు. నీ మిషిన్ గూడ గదే చెప్పె."

ద్వాలి వినలేదు. ప్రోగ్రామ్‌లో తప్పుంది అనుకుంది, తప్పుండాలి. కూడేచోట తీసేస్తోందేమో, ఫోర్స్ అన్నందుకు మాడ్యూలే పగబట్టిందేమో. తండా షీటు ఒక్కటి విడిగా తెరిపించింది. నెల పక్కన నెల, గడి తర్వాత గడి. బాపు పోయిన నెల దగ్గర కన్ను ఆగింది. జ్వరాలు సున్నా. సున్నా ఏంటి, ఆ నెలలో తండా అంతా వణికింది, యాడి వణికింది, పక్కింట్లో బాలింత వణికింది, బాపును మట్టిలో పెట్టి వచ్చారు. అప్పుడు పక్క గడి చూసింది. తీసిన రక్తం చుక్కలు, సున్నా. ఆ ముందు నెల సున్నా, ఆ తర్వాత నెల సున్నా. జ్వరం వచ్చినవాడి వేలు పొడిచి గాజు పలక మీద చుక్క పెడితేనే అది జ్వరం, పెట్టకపోతే అది ఏమీ కాదు. వేలు పొడిచేవాడు బస్సు ఆగిన ఊళ్లో దిగుతాడు, తర్వాతి బస్సు ఎక్కుతాడు. రోడ్డు ఊళ్లలో తుమ్మినవాడి వేలూ పొడుస్తాడు, వందలకు వందలు పలకలు, అందులో పదులకు పదులు జ్వరాలు. రోడ్డు లేని చోట పలక లేదు, పలక లేని చోట జ్వరం లేదు. ఆమె రాసిన ప్రోగ్రామ్ ఒక్క తప్పు లేకుండా నడిచింది. అంత శుద్ధంగా కూడి, అంత శుద్ధంగా పేర్చి, లాల్‌సింగ్ చావలేదని చెప్పింది.

ఇన్నాళ్లూ ద్వాలి కోపానికి మొహాలున్నాయి, రాంబాబు మొహం, మజ్జిగ తాగినవాడి మొహం, మోడెమ్ ఎర్రకన్ను. ఇప్పుడు ఆ సున్నాను ఏం చేయాలి, దాని మెడ ఎక్కడ పట్టుకోవాలి. బయట డ్రైవర్ డేవిడ్ జీపు స్టార్ట్ చేశాడు. కూలీలు ట్రైలర్ ఎక్కుతున్న ఇనుప చప్పుడు. ద్వాలి చేతులు మళ్లీ మీటల మీదికి పోయాయి. ఎన్ని జ్వరాలని అడగొద్దు. ఎంతమంది రక్తం చూశావని అడుగు. చూడని ఊళ్లు పైకి రానీ. మార్చింది ఒక్క లైను. మళ్లీ నడిపితే పేర్లన్నీ తలకిందులయ్యాయి, సున్నాల ఊళ్లు వరుసగా పైకి లేచి వచ్చాయి. అన్ని సున్నాలుంటాయని ఆమె అనుకోలేదు. గుంపులు, గూడేలు, తండాలు, కొన్ని పేర్లు ఆమె ఎన్నడూ విననైనా లేదు. వాళ్ల తండా ఆ సున్నాల మధ్యలో ఎక్కడో ఉంది. మొదట్లో ఉన్నది దుమ్ముగూడెం అడవిలో కోయవాళ్ల గుంపు. తమ తండాను పైకి జరపడానికి ఇంకో లైను చాలు, యాడి మొహం కళ్లముందే ఉంది. వేళ్లు మీటల మీద ఆగాయి. ఆ గుంపులో కూడా ఎవడో గోడతో మాట్లాడి ఉంటాడు. ఒళ్లంతా మంటగా ఉన్నా ద్వాలి చేయి వెనక్కి తీసుకుని, ఉన్నదున్నట్టుగా ప్రింటర్‌కు కొట్టింది. ప్రింటర్ కర్రుకర్రుమంటూ కాగితం ఉమ్మింది. ఆమె దాన్ని చింపుకుని, బీరువా పక్కనున్న గాజు పలకల డబ్బా, సూదుల పొట్లం చంకన పెట్టుకుని, గుమ్మంలో రాంబాబును దాటి బయటికి నడిచింది. పోతూ పోతూ పక్క గది వైపు, కాకా, ఇగ ఎత్తు, అని కేకేసింది.

రాంబాబు వెనకే వచ్చి, జీపు కిటికీలోంచి ఆమె డేవిడ్‌కు ఇస్తున్న కాగితం మీదికి వంగి చదివాడు. ఆయన మొహంలో దీవెన పోయింది.

"సార్ జెప్పింది జ్వరాల వరుస గదమ్మా."

"సార్ జెప్పింది కంప్యూటర్ ఏ వరుస ఇస్తే ఆ వరుస అని. మీరు గూడ తలూపిండ్రు. ఇది కంప్యూటర్ ఇచ్చిందే."

"నువ్వు చెప్పమన్నది చెప్పింది."

"అది ఎప్పుడన్న గంతే సార్. ఇంతకుముందు మీ లెక్కలు చెప్పమన్నది చెప్పింది."

 రాంబాబు అవునన్నట్టు తల ఊపబోయి ఆపుకున్నాడు. ట్రైలర్ మీద కూలీలు మాటలాపి చూస్తున్నారు. డేవిడ్ కాగితాన్ని స్టీరింగు మీద పరుచుకుని పై పేరు మీద వేలు పెట్టాడు.

"చెల్లే, ఈ గుంపుల జ్వరాలెన్ని?"

"తెల్వదు."

"తెల్వకుంట ఇంత మందు ఎట్ల తీస్కపోతం?"

"తెల్వదు గాబట్టే ఫస్ట్ పోవాలె అన్నా" అంది ద్వాలి. జీపు చుట్టూ తిరిగి వచ్చి, ముందు సీటు తలుపు తెరిచి, గాజు పలకల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.